తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం

వానాకాలం వచ్చిందంటే మన బెజవాడ ఇళ్లల్లో థర్మామీటరు బీరువాలోకి వెళ్లదండీ. పిల్లాడికి రొంప, మావగారికి దగ్గు, మనకేమో ఒళ్లునొప్పులు. కాలవగట్ల మీద దోమలు, వీధి చివర నిలిచిపోయిన నీళ్లు, ఇంక జ్వరం రాని ఇల్లంటూ ఎక్కడుంటుంది? మలేరియా, టైఫాయిడ్, డెంగీ అనే పేర్లు కూరగాయల పేర్లలాగా మన నోటికి వచ్చేశాయి. మొదటిరోజు మిరియాల కషాయం, రెండోరోజు మందులషాపు బిళ్లలు, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు. ఇదీ మన వరస. చాలా జ్వరాలు ఆ వరసలోనే తగ్గిపోతాయి కూడా.

ఈ వారం నేను చెప్పబోయేది ఆ వరసకి లొంగని ఒక జ్వరం గురించి. బిళ్ల వేసుకుంటే తగ్గుతుంది, ఆపేస్తే వారానికల్లా మళ్లీ వస్తుంది. అలా వారాలూ నెలలూ లాగుతుంది. ఈలోపల గుండె లోపల కూర్చుని చేసే పని చేసుకుపోతుంది. దీన్ని డాక్టర్లు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గుండె కవాటాలకి, అంటే వాల్వులకి, క్రిములు పట్టడం. ఇది అందరికీ వచ్చే జబ్బు కాదు. ప్రపంచం మొత్తం మీద లెక్క చూస్తే లక్షమందిలో ఏడాదికి 3 నుంచి 10 మందికి వస్తుందంటారు. "మరి మాకెందుకమ్మా చెప్పడం?" అంటారేమో. ఎవరికి రావచ్చో ముందే తెలిసే జబ్బు ఇది. ఆ మనిషి మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట ముందుగా చెప్పి ప్రాణం నిలబెట్టొచ్చు. అందుకని చెబుతున్నాను. నేను డాక్టరుని కాను, మీలాగే వంటింటి మనిషినే. అయినా ఈ జబ్బుని మా కుటుంబంలో దగ్గరుండి చూశాను.

బ్యారేజీ గేట్లూ, గుర్రపు డెక్కా

ప్రకాశం బ్యారేజీ మీదనించి ఒక్కసారైనా వెళ్లనివాళ్లు మనలో ఉండరు. 70 గేట్లు. ఎత్తితే నీళ్లు కిందకి పోతాయి, దించితే ఆగుతాయి. మన గుండెలో ఇలాంటి గేట్లు నాలుగే నాలుగున్నాయి. రక్తాన్ని ముందుకి పంపి, వెనక్కి రాకుండా మూసుకుంటాయి. రోజుకి సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయట! మనం పడుకున్నా వాటికి సెలవు లేదు.

మంచి వాల్వు పట్టుబట్టలాగా నున్నగా ఉంటుంది. రక్తంలోకి క్రిములు వచ్చినా దానిమీద నిలవలేవు, జారిపోతాయి. అదే వాల్వు చిన్నప్పుడే దెబ్బతిని గరుకుగానో, మందంగానో, సందు వదిలేదిగానో తయారైతే రక్తం అక్కడ సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్ల వొరిపిడికి పైపొర చెదిరి, సన్నటి రక్తపు గడ్డ పేరుకుంటుంది. అటు వచ్చిన క్రిమికి ఆ గడ్డ చక్కటి వసతి.

మన ఏలూరు కాలవలోనో బందరు కాలవలోనో గుర్రపు డెక్క ఎక్కడ ఆగుతుందో చూశారా? నీళ్లు జోరుగా, నున్నగా పారేచోట ఆగదు. లాకుల దగ్గర, విరిగిన గట్టు దగ్గర, ఏదైనా అడ్డం తగిలినచోట ఒక్క మొక్క పట్టుకుంటే చాలు, నాలుగురోజుల్లో కాలవంతా పచ్చగా కప్పేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరద పోటెత్తినప్పుడు పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి తగులుకున్నాయి, గుర్తుందిగా. వాల్వు దగ్గర జరిగేదీ ఇలాంటిదే. క్రిములూ, రక్తపు గడ్డా కలిసి వాల్వు అంచున చిన్న చిన్న బుడిపెల్లాగా పెరుగుతాయి. డాక్టర్లు వాటిని వెజిటేషన్స్ అంటారు, అంటే మొక్కలు మొలిచినట్టని.

ఆ బుడిపెలు రెండురకాలుగా చెరుపు చేస్తాయి. ఒకటి, వాల్వుని తినేసి చిల్లులు పెడతాయి. అప్పుడు రక్తం వెనక్కి కారి ఆయాసం, కాళ్లవాపులు మొదలవుతాయి. రెండు, ముక్కలు తెగి రక్తంలో కొట్టుకుపోతాయి. మెదడుకి పోతే పక్షవాతం. మూత్రపిండాలకో ప్లీహానికో పోతే అక్కడ దెబ్బ. వేలి చివరికి పోతే నొప్పి చేసే చిన్న గడ్డ. ఆస్పత్రిలో చేరి మంచి వైద్యం జరిగినా ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు ఐదారుగురికి ఒకరు దక్కరని డాక్టర్లు చెబుతారు. కనుక దీన్ని తేలిగ్గా తీసుకునే వీల్లేదు.

మా వదిన సంగతి

మా పెద్దాడపడుచుది గుడివాడ దగ్గర పల్లె. చిన్నప్పుడు, ఐదో ఆరో తరగతిలో ఉండగా, గొంతునొప్పి వచ్చి తగ్గాక మోకాళ్లూ చీలమండలూ వాచి నెలరోజులు బడి మానేసిందట. "కీళ్లజ్వరం" అన్నారు, తగ్గింది, అంతా మరిచిపోయారు. మొదటి కాన్పు టైములో ఆయాసమొస్తే అప్పుడు చూసి, గుండెలో ఒక వాల్వు సన్నబడిపోయిందని చెప్పారు. కాన్పు అయ్యాక బెలూను పెట్టి వెడల్పు చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇల్లూ వాకిలీ, గేదెలూ, పిల్లల పెళ్లిళ్లూ అన్నీ చక్కబెట్టుకొచ్చింది. ఆ వాల్వు మాట మాత్రం గడప దాటనిచ్చేది కాదు. "ఆడపిల్లల సంబంధాలు చూస్తున్నాం, తల్లికి గుండెజబ్బంటే ఎవరొస్తారమ్మాయ్?" అనేది.

నాలుగేళ్ల కిందట పిప్పిపన్ను సలుపు భరించలేక టౌనుకి వెళ్లి పీకించుకుంది. వాళ్లు వాల్వు సంగతి అడగలేదు, ఈవిడ చెప్పలేదు. రెండువారాలు దాటాక సాయంత్రాలు చలీ జ్వరం మొదలైంది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు మూడురోజులు ఇంజక్షన్లు చేసి బిళ్లలిచ్చాడు. తగ్గింది. వారానికి మళ్లీ వచ్చింది. రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు, ఇంకో రకం బిళ్లలు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. నీరసంగా ఉందని మధ్యలో రెండు సెలైన్లు. ఇలా నెలన్నర గడిచింది. తిండి సహించదు, రాత్రి చెమటలకి జాకెట్టు తడిసిపోతుంది, మనిషి సగమైపోయింది. బెండకాయలు తరుగుతుంటే వేళ్ల కొసలు నొప్పెడుతున్నాయనేది. గోళ్ల కింద సన్నటి పుల్ల గుచ్చుకున్నట్టు నల్లటి గీతలు. మెట్ట వేదాంతంతో "వయసొచ్చిందిలే" అనుకుంది.

ఆఖరికి విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే, ఒక లేడీ డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గోళ్లు చూసి, అడిగిన మొదటి ప్రశ్న: "ఈమధ్య పన్ను ఏమైనా పీకించుకున్నారా అమ్మా?" వదిన నావైపు చూసింది. "పన్నుకీ గుండెకీ ఏంటండీ సంబంధం?" అంది.

ఆ సంబంధమే ఇవాళ్టి పాఠం.

పన్నుకీ గుండెకీ దారి

మన నోట్లో ఎప్పుడూ లెక్కలేనన్ని క్రిములుంటాయి. నోట్లో ఉన్నంతసేపు వాటితో పేచీ లేదు. చిగుళ్లు వాచి, రక్తం కారుతుంటే మటుకు వాటికి రక్తంలోకి తలుపు తీసినట్టే. పన్ను పీకించుకున్నప్పుడు పెద్ద తలుపు తెరుచుకుంటుంది. చిగుళ్లు బాగోలేనివాళ్లకి రోజూ పళ్లు తోముకున్నప్పుడూ, గట్టిగా నమిలినప్పుడూ కూడా కాసిని క్రిములు లోపలికి పోతూనే ఉంటాయి. గుండె బావున్నవాళ్లకి ఒంట్లో ఉండే రక్షణ వాటిని కాసేపట్లో ఊడ్చేస్తుంది. వాల్వు బాగోలేనివాళ్లకి అక్కడ గుర్రపు డెక్కలాగా పట్టుకుంటాయి.

నోటి క్రిములే కాదు, చర్మం మీద సెగ్గడ్డల్లో ఉండే స్టెఫిలోకాకస్ అనే క్రిమి ఇంకా పొగరుమోతుది. అది పడితే వారాల తరబడి ఆగదు, రోజుల్లోనే వాల్వుని నాశనం చేస్తుంది. పేగుల్లోంచి, మూత్రం దారిలోంచి వచ్చే క్రిములు వేరే ఉన్నాయి. పచ్చిపాల ద్వారా పశువులనుంచి వచ్చే బ్రుసెల్లా అనే క్రిమి కూడా అరుదుగా ఈ పని చేస్తుంది. గేదెలున్న ఇళ్లల్లో పాలు పొంగేదాకా కాచే తాగమనేది అందుకూనూ.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఒక్కొక్కటే చదివి, మీ ఇంట్లో ఎవరైనా ఇందులో ఉన్నారేమో చూసుకోండి.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి వాల్వు దెబ్బతిన్నవాళ్లు. మన దేశంలో వీళ్ల సంఖ్య ఎక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రిలో 1981 నుంచి 1991 దాకా ఈ జబ్బుతో చేరినవాళ్ల లెక్క తీస్తే, పదిమందిలో నలుగురికి కీళ్లజ్వరం వల్ల పాడైన వాల్వులే ఉన్నాయి. సగటు వయసు పాతికేళ్లు! పెద్దవాళ్ల జబ్బనుకుంటాం గానీ, పెళ్లయి చంటిపిల్లలున్న వయసది.

వాల్వు మార్పించుకున్నవాళ్లు. లోహపుదైనా, జంతు కణజాలంతో చేసినదైనా, కొత్త వాల్వు ఉన్నంతకాలం ఈ భయం ఉంటుంది.

ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లు. వీళ్లకి రెండోసారి వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ.

పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవాళ్లు. కొంతమందికి మూడు రేకులుండాల్సిన వాల్వు రెండు రేకులతోనే ఉంటుంది. అలాంటివాళ్లకి యాభై ఏళ్లదాకా తెలియకపోవచ్చు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, పెద్ద నరంలో చాలారోజులు గొట్టం పెట్టించుకున్నవాళ్లు. వీళ్లకి క్రిమి వచ్చేది చర్మం మీదనుంచే.

షుగరు అదుపులో లేనివాళ్లు, అరవై దాటినవాళ్లు. షుగరు పుండు మానదు, మానని పుండు క్రిములకి ఇల్లు.

మత్తుమందులు సూదితో ఎక్కించుకునే కుర్రాళ్లు. చెప్పుకోడానికి సిగ్గుపడే మాటే. కానీ మనూళ్లోనూ తల్లులు కనిపెట్టి ఉండాల్సిన రోజులివి. మంచి వాల్వుకి కూడా ఈ అలవాటువల్ల జబ్బు వస్తుంది, అదీ ఎక్కువగా గుండె కుడివైపు వాల్వుకి.

తోడు పెట్టడం తెలిసినవాళ్లకి ఇది తేలిక

ఇప్పుడు అసలు విషయం. మిగతావి మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఈ జబ్బుని పట్టుకునే పరీక్షల్లో ముఖ్యమైనది బ్లడ్ కల్చర్. చేతి నరంలోంచి రక్తం తీసి, క్రిములు పెరగడానికి ఆహారం ఉన్న సీసాల్లో వేసి, వెచ్చగా ఉంచుతారు. ఒకసారితో సరిపోదు, విడివిడిగా మూడుసార్లు తీస్తారు. కొద్దిరోజుల్లో క్రిమి పెరిగితే దాని పేరేంటో, ఏ మందుకి లొంగుతుందో తెలిసిపోతుంది. మనం రోజూ రాత్రి చేసే పనేగా ఇది? గోరువెచ్చటి పాలల్లో చుక్క మజ్జిగ వేసి మూతపెడితే తెల్లారేసరికి పెరుగు. అదే మజ్జిగని సలసలా మరిగే పాలల్లో వేస్తే తోడుకుంటుందా? తోడు చచ్చిపోతుంది.

ముందే యాంటీబయాటిక్ బిళ్లలు మింగి, తర్వాత కల్చర్‌కి రక్తమిస్తే అదే జరుగుతుంది. క్రిములు సగం చచ్చి, సగం మూర్ఛపోయి ఉంటాయి. సీసాలో పెరగవు. రిపోర్టులో "క్రిములు లేవు" అని వస్తుంది. వాల్వు మీద బుడిపెల్లోపల దాక్కున్నవి మాత్రం హాయిగా ఉంటాయి. నాలుగురోజులు వేసుకున్న బిళ్లలు జబ్బుని చంపవు, దాని ఆనవాలుని మాత్రం చెరిపేస్తాయి. మా వదినకి జరిగింది ఇదే. నెలన్నరలో మూడురకాల యాంటీబయాటిక్స్ పడ్డాయి కనుక మొదట తీసిన కల్చర్లలో ఏమీ పెరగలేదు. గొంతులోంచి గొట్టం దించి తీసే ఎకో పరీక్షలో వాల్వు మీద బుడిపె కనిపించింది గానీ, ఏ క్రిమో తేలక డాక్టర్లు తలపట్టుకున్నారు.

అందుకని, వాల్వు లోపం ఉన్న మనిషికి జ్వరం వచ్చి, జలుబూ దగ్గూ లాంటి కారణమేదీ కనబడకుండా రెండుమూడు రోజులు ఉంటే, మందులషాపు యాంటీబయాటిక్ వేసుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లి "నాకు వాల్వు జబ్బుంది, మందు మొదలుపెట్టేముందు బ్లడ్ కల్చర్ తియ్యాలా?" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. డాక్టరుకి ఈ మాట వినబడితే ఆలోచించే దారే మారిపోతుంది. ఇప్పటికే ఏవైనా మింగి ఉంటే ఆ బిళ్లల రేకులు పారేయకుండా పట్టుకెళ్లి చూపించండి. మనిషి బాగా నలిగిపోయి, ఆయాసంతో ఉంటే మాత్రం ఆగకుండా నేరుగా పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ రక్తాలు వెంటవెంటనే తీసేసి మందు మొదలుపెడతారు.

ఆరువారాలు ఎందుకంటే

వాల్వు మీది బుడిపెలోకి రక్తనాళాలు వెళ్లవు. మందు పైనించి నానుతూ లోపలికి దిగాలి. నానబెట్టిన సెనగపప్పు లోపలిదాకా నానడానికి టైము పట్టినట్టు. అందుకే నాలుగునుంచి ఆరువారాలు నరంలోకి మందు ఎక్కిస్తారు. జ్వరం మొదటివారంలోనే తగ్గుతుంది, మనవాళ్లు "తగ్గిందిగా, ఇంటికెళ్లిపోదాం" అంటారు. అలా మధ్యలో వచ్చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కొంతమందికి మందుతోపాటు ఆపరేషను కూడా చెయ్యాల్సి వస్తుంది. వాల్వు బాగా చిరిగిపోయినా, ముక్కలు తెగిపడుతున్నా, మందుకి లొంగకపోయినా.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. 1885లోనే విలియం ఆస్లర్ అనే పెద్ద డాక్టరు లండన్‌లో దీని గురించి ఉపన్యాసాలిచ్చి లక్షణాలన్నీ విడమరిచి చెప్పాడు. లక్షణాలు తెలిశాయి గానీ మందు లేదు. 1944లో అమెరికాలో బ్రూక్లిన్ డాక్టర్లు పెన్సిలిన్‌తో ఏడుగురు రోగుల్లో మంచి గుణం చూపించాక కథ మారింది. మన దేశంలో సొంతంగా తయారైన కృత్రిమ వాల్వుని 1990 డిసెంబరు 6న తిరువనంతపురం శ్రీచిత్ర ఆస్పత్రిలో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. దాన్ని తయారుచేసి దేశమంతా అందించింది టీటీకే వాళ్లు. మన పొయ్యి మీద కూతవేసే ప్రెస్టీజ్ కుక్కరు కూడా ఆ టీటీకే వాళ్లదే సుమండీ! మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక వాల్వు ఆపరేషన్లు పేదింటివాళ్లకీ అందుబాటులోకి వచ్చాయి. ప్రభుత్వాలతోపాటు పథకం పేరు మారుతూ వచ్చినా, ఆస్పత్రిలో చేరేముందు అక్కడి పథకం కౌంటర్లో కార్డు చూపించి అడగడం మాత్రం మరవద్దు.

మా వదిన ఆరువారాలు మంచం మీద ఉంది. ఆ తర్వాత వాల్వు మార్చారు. ఇప్పుడు బావుంది. లోహపు వాల్వు కనుక రక్తం పలచబడే మందు రోజూ వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఇలాంటివాళ్లకి వండిపెట్టే మనకి ఒక మాట: ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూర మానేయక్కర్లేదు. ఒకవారం రోజూ తోటకూరా గోంగూరా, మరుసటివారం అసలు లేకుండా చెయ్యకుండా, ఏ వారమైనా ఇంచుమించు ఒకే పాళ్లలో పెట్టండి.

మన చేతిలో ఉన్నవి

పళ్లు. అన్నిటికంటే ముందు ఇదే. మెత్తటి బ్రష్షుతో రోజుకి రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయేముందు. ఇటుకపొడి, బొగ్గుపొడి, ఉప్పూ వేసి రుద్దితే చిగుళ్లు చెక్కుకుపోతాయి. ఇంకో అలవాటు మన ఆడవాళ్లకి బాగా ఉంది: భోజనం కాగానే మంగళసూత్రానికి తగిలించుకున్న పిన్నీసు తీసి పళ్లసందులు గుచ్చుకోవడం! దయచేసి మానండి. చిగుళ్లనుంచి రక్తం వస్తుంటే "వేడి చేసింది" అని సరిపెట్టుకోకండి. వాల్వు జబ్బున్నవాళ్లు ఆరునెలలకోసారి పళ్లడాక్టరుకి చూపించుకోవడం మంచిది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆస్పత్రి కూడా ఉంది, ఖర్చుకి జంకక్కర్లేదు.

పన్ను పని చేయించుకునేముందు ఒక మాట. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు, ఇదివరకు ఈ జబ్బు వచ్చినవాళ్లు, కొన్ని రకాల పుట్టుకలోపాలున్నవాళ్లు పన్ను పీకించుకోవడానికో, చిగుళ్ల పనికో వెళ్లేటప్పుడు, అరగంటో గంటో ముందు ఒక్క మోతాదు యాంటీబయాటిక్ వేసుకోవాలని చెబుతారు. పూర్వం అన్నిరకాల వాల్వు రోగులకీ ఇచ్చేవారు. 2007లో అమెరికా గుండెవైద్యుల సంఘం దాన్ని ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకి మాత్రమే తగ్గించింది. కీళ్లజ్వరపు వాల్వు ఉన్నవాళ్లకి అవసరమా కాదా అన్నది మీ గుండె డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎవరికివారు కొనుక్కుని వేసుకునేది కాదిది.

చర్మం. సెగ్గడ్డల్ని గిల్లొద్దు, పిండొద్దు. నాట్లకి దిగేవాళ్లకి నీళ్లలో నానినాని కాలివేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. ఇంటికి రాగానే కడిగి పొడిగా తుడుచుకోవాలి. పుండు పడితే చూపించుకోవాలి. ముక్కులూ చెవులూ కుట్టించేటప్పుడు కొత్త సూది అని అడిగి మరీ చూసుకోవాలి.

సెలైన్. "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ, ఓపిక వస్తుంది" అని మనమే అడుగుతాం. ఆ బాటిల్‌లో ఉండేది చాలావరకు ఉప్పునీళ్లో పంచదారనీళ్లో. వాంతులూ విరేచనాలూ అయి నీరసించినవాళ్లకి అవసరమే. ఉత్త నీరసానికి నరంలో సూది పెట్టించుకోవడమంటే క్రిములకి దారి చూపించడం. గ్లాసుడు మజ్జిగలో ఉప్పు వేసుకు తాగండి.

పిల్లల గొంతునొప్పి. ఐదేళ్లనుంచి పదిహేనేళ్ల పిల్లలకి జ్వరంతో గొంతునొప్పి వచ్చి, మింగలేకపోతుంటే డాక్టరుకి చూపించండి. ఆయన ఇచ్చిన మందు, చెప్పినన్ని రోజులూ వాడండి. రెండుమూడు వారాల తర్వాత ఒక కీలు వాచి, అది తగ్గి ఇంకో కీలు వాస్తే ఆలస్యం చెయ్యొద్దు. ఆ జ్వరమే వాల్వుని పాడుచేసేది. ఒకసారి కీళ్లజ్వరం వచ్చిందని తేలితే మూడునాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి. పిల్ల ఏడుస్తోందనో, పరీక్షలనో, పుష్కరాలనో మానకూడదు. ఇవాళ ఆ సూది వేయించిన తల్లి, ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల కాన్పుని కూడా కాపాడుతున్నట్టే.

దాచిపెట్టకండి

చివరగా, డాక్టర్లు చెప్పలేని మాట ఒకటి ఉంది. ఆడది ఆడదానికే చెప్పాలి. మనిళ్లల్లో ఆడపిల్ల గుండెజబ్బుని పెళ్లిచూపులనాటినుంచి దాచిపెడతాం. అత్తారింట్లో తెలిస్తే ఏమవుతుందో అని ఆ పిల్లా దాస్తుంది. దాచగా దాచగా అది ఆమెకే మరుపొస్తుంది. పళ్లడాక్టరుకి చెప్పదు, కాన్పు డాక్టరుకి చెప్పదు, జ్వరమొస్తే ఆరెంపీకి చెప్పదు. ఊరివాళ్లకి చెప్పకండి, మీ ఇష్టం. కానీ మందిచ్చే మనిషికి, పన్ను పీకే మనిషికి, సూది వేసే మనిషికి చెప్పి తీరాలి. కోడలికి వాల్వు జబ్బుందని తెలిసిన అత్తగార్లూ, దెప్పడానికి కాకుండా గుర్తుచేయడానికి ఆ విషయం గుర్తుపెట్టుకోండి.

మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఇవాళే ఒక అట్టముక్క మీద నాలుగు ముక్కలు రాసి పర్సులో పెట్టండి: ఏ వాల్వుకి ఏమైంది, ఆపరేషను ఎప్పుడు జరిగింది, రోజూ ఏ మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు. కింద పెద్దక్షరాలతో ఇంకొక్కటి: "జ్వరమొస్తే బ్లడ్ కల్చర్ తీశాకే యాంటీబయాటిక్." పాత ఎకో రిపోర్టు ఉంటే దాన్ని పట్టుచీరల కిందనుంచి తీసి రేషన్‌కార్డు పక్కన, చటుక్కున దొరికేచోట పెట్టండి.

ఈ పని పావుగంట కూడా పట్టదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోతుంది. వచ్చేవారం మళ్లీ కలుద్దాం, ఉంటానండీ.